సునాద సంవత్సరము: యూదుల వారపు పారాయణములో నొక భాగము

మన పల్లెలలో రామాయణమునో భాగవతమునో దినమున కింత యని నియమించుకొని పారాయణము చేయుట చిరకాలముగా నున్న ఆచారము. యూదులలోను ఇట్టి నియమ మొకటి శతాబ్దములుగా నడచుచున్నది. మోషే పేర వెలసిన అయిదు కాండములను వారు 'తోరా' యందురు. దానిని 54 భాగములుగా విభజించుకొని, శనివారమునాటి ప్రార్థనలో వారమున కొక భాగము చొప్పున చదివి, సంవత్సరమునకు గ్రంథ మంతయు ముగింతురు. ముగించిన దినముననే మరల మొదటి వాక్యమునుండి ఆరంభింతురు. ప్రార్థనలో నీ పఠనమునకు అచ్చుపుస్తకము పనికిరాదు. చర్మపత్రముపై చేతితో వ్రాసిన చుట్టనుండియే చదువవలెను. చదువుటకు సభలోనివారిని ఏడుగురను వరుసగా పిలుతురు. పిమ్మట పెద్ద లొకరు ఆ భాగములోని ధర్మమును వ్యాఖ్యానింతురు. మన పురాణకాలక్షేపమును విన్నవారికి ఆ పద్ధతి క్రొత్తగా తోచదు.

ఈ వరుసలో 32వ భాగమునకు 'బెహర్' అని పేరు. కొండమీద అని దాని యర్థము. లేవీయకాండములోని 25వ అధ్యాయ మంతయు, 26వ అధ్యాయములోని మొదటి రెండు వాక్యములును ఇందు చేరియున్నవి. ఇది సామాన్యముగా మన వైశాఖమాస ప్రాంతమున వచ్చును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నాగావళియు వంశధారయు సన్నగిల్లి, పొలములు బీటలువారి, రైతు ఏరువాకకై ఎదురుచూచుచు, విత్తనములకును పెట్టుబడికిని అప్పు వెదకుకొను దినము లవి. ఈ భాగము మాటాడునదియు భూమిని గూర్చి, అప్పును గూర్చి, కూలివానిని గూర్చియే. అందువలననే యీ నాటి ప్రసంగమునకు దీనిని మేము ఎన్నుకొంటిమి.

ఇందలి శాసనము స్థూలముగా నిట్టిది. ఆరేండ్లు దున్ని విత్తవచ్చును. ఏడవయేట భూమికి విశ్రాంతి. ఆ యేడు తనంత తాను మొలచిన పంట యజమానునకు మాత్రమే కాదు. పనివారికి, కూలివారికి, పరదేశులకు, పశువులకు, తుదకు అడవి మృగములకును ఆహారము. ఇట్టి ఏడేండ్ల యావృత్తులు ఏడు గడచిన పిదప ఏబదియవ సంవత్సరము వచ్చును. ఆ యేట ప్రాయశ్చిత్తదినమున దేశమంతట కొమ్ముబూర నూదవలెను. ఆ నాదముతో, చేయిమారిన పొలము తొలి కుటుంబమునకు తిరిగి వచ్చును. అప్పునకు లోబడి దాస్యము చేయు హెబ్రీయుడు విడుదలయై తన యింటికి పోవును. పొట్టేలి కొమ్మును దెలుపు 'యోబేల్' అను శబ్దమే ఆ సంవత్సరమునకు పేరైనది. తెలుగు బైబిలు ననువదించినవారు దానిని 'సునాద సంవత్సరము' అనిరి. చక్కని మాట. ఋణగ్రస్తునకు ఆ నాదమును మించిన సునాద మేమి యుండును?

భూమికి ధర కట్టు విధమును కూడ నీ యధ్యాయము చెప్పుచున్నది. రాబోవు సునాద సంవత్సరమునకు ఎన్ని పంటలు మిగిలియున్నవో లెక్కించి, ఆ లెక్కను బట్టి ధర నిర్ణయింపవలెను. నలుబది పంటలు మిగిలినచో ధర యెక్కువ, అయిదే మిగిలినచో తక్కువ. అనగా అమ్ముడుపోవునది భూమి కాదు, పంటలు మాత్రమే. మన రైతుల మాటలో చెప్పవలెనన్న అది విక్రయము కాదు, గడువు గల కౌలు. కారణ మొక్కటే: భూమి దేవునిది, మనుష్యు లందు అతిథులు. ప్రాకారముగల పట్టణములోని యింటికి మాత్రము ఈ నియమము లేదు. అమ్మిన యేడాదిలోపల విడిపించుకొననిచో అది కొన్నవానికే శాశ్వతముగా చెందును. ప్రాకారము లేని పల్లెలోని యిల్లు మాత్రము పొలముతో సమానము. పట్టణములోని మేడ పోయినను మనుష్యుడు బ్రతుకగలడు. పొలమును, పొలమునంటియున్న గుడిసెయు పోయినచో బ్రతుకలేడు. శాసనకర్త దృష్టి యిదియని మాకు తోచుచున్నది.

11వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములోని త్రోయ్ పట్టణమున నివసించిన రాషీ యను వ్యాఖ్యాత యీ భాగమునకు వ్యాఖ్య వ్రాయుచు, ప్రాచీనులు వేసిన యొక ప్రశ్నతో మొదలిడెను. ధర్మశాసన మంతయు సీనాయి కొండమీదనే వచ్చినదని నమ్మకము ఉండగా, భూమి విశ్రాంతిని చెప్పునపుడు ప్రత్యేకముగా ఆ కొండ పేరెత్త నేల? ఆయన యిచ్చిన సమాధానము: ఈ యొక్క శాసనము సూక్ష్మాంశములతో సహా ఆ కొండమీదనే యెట్లు వచ్చినదో, తక్కిన శాసనము లన్నియు నట్లే వచ్చినవని తెలుపుటకు. సంబంధము లేని రెండు విషయములను గలిపి మాటాడువానిని ఎత్తిపొడుచుటకు నేటికిని హెబ్రూ భాషలో ఆ ప్రశ్ననే సామెతగా వాడుదురు. కాని సంబంధము లేకపోలేదు. కొండమీది దర్శన మెంత గొప్పదైనను, అది దిగివచ్చి నిలువవలసిన చోటు పొలము గట్టే.

ఈ యధ్యాయములో 'నీ సహోదరుడు బీదవాడైనచో' అను భావము పలుమారులు వచ్చును. వ్యాఖ్యాతలు దీనిలో నొక వరుసను చూచిరి. మనుష్యుడు ఒక్కసారిగా పతనము కాడు, మెట్టుమెట్టుగా దిగును. మొదటి మెట్టున తన పొలములో కొంత అమ్ముకొనును. అప్పుడు దగ్గరి బంధువు వచ్చి దానిని విడిపింపవలెను. రెండవ మెట్టున చేతిలో నేమియు లేక అప్పునకు వచ్చును. వానికి వడ్డీ లేకుండ నీయవలెను. మూడవ మెట్టున తన్ను తానే తనవారిలో నొకనికి అమ్ముకొనును. వానిని దాసునిగా గాక కూలివానిగా చూచుకొనవలెను. నాల్గవ మెట్టున పరదేశి చేతికి పోవును. వానిని బంధువులు వెల యిచ్చి తేవలెను.

ఈ మెట్లు మన ప్రాంతమువారికి తెలియనివి కావు. మొదట గట్టుప్రక్క మడి తాకట్టు. పిమ్మట షావుకారు పద్దులో పేరు. ఆపై మోతుబరి యింట కంబారితనము. కడపట ఊరు విడిచి పోవుట. ఒకనాడు గంజాము, విశాఖపట్టణము జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూనుకు పోయిరి. 1942లో యుద్ధము మీదపడగా అనేకులు కాలినడకను తిరిగిరావలసివచ్చెను. ఇటీవల 2018లో, గుజరాతు తీరమునుండి చేపలవేటకు వెడలిన మన తీరపు మత్స్యకారులు పాకిస్తాను చెరలో చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. పొట్టకూటికై పరాయి తీరమునకు పోయినవానికి ఆ నాల్గవ మెట్టు ఎంత దూరమో ఆ కుటుంబములే యెరుగును.

ఒక్కొక్క మెట్టుకడ రబ్బీలు చెప్పిన మాటలు ఆలోచింపదగినవి. పడిపోవుచున్న సహోదరుని పట్టుకొనుమని శాసనము చెప్పినచోట వారు గాడిద మోతను ఉదాహరించిరి. బరువు గాడిదమీద నుండగా ఒరిగినచో ఒక్కడు చేయివేసి నిలుపగలడు. నేలబడిన పిదప అయిదుగురు కూడినను ఎత్తలేరు. సహాయమునకు వేళ కలదని దీని భావము. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిదీసు దానములను ఎనిమిది తరగతులుగా విభజించి, అన్నిటికంటె పైమెట్టున ఈ చేయూతనే నిలిపెను. అప్పో, పెట్టుబడిలో పాలో, పనియో కల్పించి, వాడు చేయిచాపు నవసరమే లేకుండ చేయుట యుత్తమ దానమని ఆయన తీర్పు.

వడ్డీకి హెబ్రూలో 'నెషెక్' అని పేరు. 'కాటు' అను మాటతో దానికి ధాతుసంబంధము కలదు. పాము కాలిమీద వేసిన చిన్న కాటు మొదట తెలియదు. తెలియులోపల దేహ మంతయు పొంగును. వడ్డీయు నట్టిదే యని వ్యాఖ్యాతలు చెప్పిరి. మన ధర్మశాస్త్రములును ఈ కాటు నెరిగియే, వడ్డీ అసలును మించి పెరుగరాదను 'దామ్‌దుపట్' నియమమును ఏర్పరచినవి. గడువు తీరినను దాస్యమును వీడి పోనొల్లని దాసుని చెవిని గుచ్చవలెనని నిర్గమకాండము చెప్పును. ఏ యవయవమును గుచ్చక చెవినే గుచ్చ నేల యని యడుగగా, 1వ శతాబ్దపు యోహానాను బెన్ జక్కాయి యిట్లు వివరించెను: మనుష్యులు దేవునికే దాసులు గాని దాసులకు దాసులు కారని కొండకడ విన్నది ఆ చెవియే గనుక, విని మరచినందున దానికి ఆ గుర్తు.

ఇదే భాగములో మోసమును నిషేధించు వాక్యములు రెండున్నవి. మొదటిది క్రయవిక్రయములలోని మోసమునకు సంబంధించినది. రెండవది మాటలచే చేయు హింసకు సంబంధించినదని రబ్బీలు నిర్ణయించిరి. కొను తలంపు లేక ధర యడిగి అమ్మకపువానికి ఆశ గొల్పరాదు. పరమతమునుండి తమలో చేరినవారి బిడ్డలకు పూర్వుల నడవడిని ఎత్తి చూపరాదు. ఈ రెండవ హింస మొదటిదానికంటె పెద్దది. ధనమునైన తిరిగి యీయవచ్చును గాని మాటను తిరిగి తీసికొనలేము. కులము పేర నిందలు పడినవారు ఈ నియమపు విలువను వెంటనే గ్రహింపగలరు.

ఇంతవఱకు చెప్పినదానిలో ఈ భాగపు వెలుగు కనబడును. నీడ కూడ నిందే కలదు. హెబ్రీయుడైన దాసుని విడుదల చేయుమనిన యీ యధ్యాయమే, చుట్టుప్రక్కల జాతులనుండి కొన్న దాసులను తరతరముల స్వాస్థ్యముగా ఉంచుకొనవచ్చునని సమ్మతించుచున్నది. తరువాతి పండితులకు ఇది యిబ్బందిని గలిగింపకపోలేదు. అట్టి దాసునిమీదను కాడి బరువుగా మోపరాదనియు, తా నారగించు ఆహారమునే వానికిని పెట్టుట సజ్జనుల మార్గమనియు మైమోనిదీసు వ్రాసెను. అయినను మూలములోని గీత గీతయే. శాసన మంతయు 'సహోదరుడు' అను నొక్క మాటపై నిలిచియున్నది. ఆ మాట యెంత వెడల్పో ధర్మ మంత వెడల్పు.

ఈ శాసనము చరిత్రలో నెట్లు నడచినది? అప్పులను రద్దుచేయు ఆచారము పశ్చిమాసియాకు క్రొత్త కాదు. బాబిలోను రాజగు అమ్మిసదూకా క్రీస్తుపూర్వము 17వ శతాబ్దమున ప్రకటించిన ఋణవిమోచన శాసనము మట్టిపలకలపై నేటికిని నిలిచియున్నది. అచట విమోచనము రాజుగారి దయ. రాజు తలచినపుడు వచ్చును. తోరా దానిని పంచాంగములో చేర్చెను. రాజు తలచినను తలపకున్నను గడువు వచ్చి తీరును. ఈ రెంటి భేదము గొప్పది.

ఏడవయేట అప్పులు మాయునని ద్వితీయోపదేశకాండము కూడ చెప్పినది. కాని ఆ యేడు దగ్గరపడినకొలది ధనికులు అప్పిచ్చుట మానివేసిరి. క్రీస్తుశకారంభ కాలమున హిల్లేలను మహనీయుడు ఈ దుస్థితిని చూచి, అప్పుపత్రములను న్యాయస్థానమున కప్పగించినచో అవి మాయకుండునట్లు 'ప్రొజ్బుల్' అను పద్ధతి నేర్పరచెను. బీదవానికి అప్పు పుట్టుటకే ఆయన యట్లు చేసెను, పుట్టినది. కాని మాఫీ శాసనము పేరునకు మాత్రమే మిగిలెను. భూమికి విశ్రాంతి నేటికిని ఇజ్రాయిలులో పాటింపబడుచున్నది. 2021 సెప్టెంబరునుండి 2022 సెప్టెంబరు వఱకు అట్టి సంవత్సరమే. అచటను, భూమిని పేరునకు అన్యునికి విక్రయించి సేద్యము సాగించుకొను పద్ధతి 1889 నుండి వాడుకలో నున్నది. కొందరు రబ్బీలు దాని నంగీకరింతురు, కొందరు త్రోసివేయుదురు.

సునాద సంవత్సరము గతి వేరు. గోత్రము లన్నియు తమతమ భాగములలో నివసించుచున్నపుడే ఆ శాసనము చెల్లునని తాల్ముదు చెప్పుచున్నది. అస్సీరియా రాజులు క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున ఉత్తర గోత్రములను చెరగొని పోయిరి. ఆ గోత్రములు తొలగుటతో సునాద సంవత్సరమును ఆగిపోయినది. కొందరు సహోదరులు లేనపుడు మిగిలినవారికి సైతము ఆ బూర మ్రోగదు. ఈ నిర్ణయములో న్యాయశాస్త్రపు సూక్ష్మతయే గాక గాఢమైన ధర్మమును కలదు.

పోయిన గోత్రములలో ఎఫ్రాయీము ఒకటి. ఆ పేరు నేడు మన తెలుగునేలమీదనే వినబడుచున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున 'బెనె ఎఫ్రాయీము', అనగా ఎఫ్రాయీము సంతతి, అని చెప్పుకొను తెలుగు యూదులు కలరు. షమూయేలు, సాదోకు యాకోబీ సోదరుల నాయకత్వమున 1980ల దశకమునుండి వీరు యూదమతాచారములను ప్రకటముగా చేపట్టిరి. 1991లో ప్రార్థనామందిర మేర్పడినది. వీరు మాదిగలు; పెక్కురు వ్యవసాయకూలీలు. శనివారమున విశ్రాంతి పాటించుచు, హెబ్రూ నేర్చుకొనుచు, తోరాను తెలుగున చదువుకొనుచున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి 2013లో నొక గ్రంథమును ప్రకటించిరి. ఎఫ్రాయీమునుండి వంశక్రమమును నిరూపించు చారిత్రక సాక్ష్యము లేదు. కాని భూమి లేని కూలి, తరతరములుగా ఊరి వెలుపల నుంచబడినవాడు, భూమి తిరిగివచ్చు శాసనముగల గ్రంథమును చేతబట్టి, నేనును సహోదరులలో నొకడనే యనుటలో నున్న ఆవేదన వంశవృక్షములచే కొలువబడునది కాదు.

మన ఉత్తర జిల్లాలలో యూదసంఘము లేదు. కాని ఈ కాండములు తెలుగగుటకు జరిగిన తొలినాటి ప్రయత్నములలో నొకటి మన తీరముననే మొదలైనది. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజ్ అను లండను మిషనరీలు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున అనువాదమునకు పూనుకొనిరి. వారు తెలిగించిన సువార్తలు మూడు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. మోషే కాండములు ఆ తరువాత వచ్చెను.

గ్రంథము వచ్చుటకు ముందే ఇందలి బాధ మాత్ర మిచట నున్నది. పార్వతీపురము, పాలకొండ, సీతంపేట కొండలలోని సవరలు, జాతాపులు ఉప్పునకో పెండ్లిఖర్చునకో చేసిన చిన్న అప్పు పెరిగి పెరిగి, మెట్టపొలమును, చింతచెట్టును, చివరకు మనుష్యుని కూడ మ్రింగివేసెను. అప్పు తీరువఱకు ఒడలితో కొలువుచేయు పద్ధతికి జయపురపు మన్యమున 'గోతి' యని పేరు. దీనిని చూచియే ప్రభుత్వము 1917లో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మన్యములలో వడ్డీని, భూమి బదిలీని కట్టడిచేయు చట్టము తెచ్చెను; 1940లో మన్యపు ఋణదాస్యమును రద్దుచేసెను. భూమి, అప్పుల విషయమై రగిలిన శ్రీకాకుళపు గిరిజనోద్యమము 1967 పిదప రక్తసిక్తమైనది. 1959 నాటి భూబదిలీ నిబంధనను సవరించుచు 1970లో వచ్చినదే మన్యమునందు '1/70 చట్టము' అని యందరును చెప్పుకొనునది. దాని ననుసరించి మన్యములోని భూమిని గిరిజనేతరునకు బదిలీ చేయరాదు. అట్టివాని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే తొలుత భావింపబడును; కాదని నిరూపించు భారము వానిదే. 1976లో దేశ మంతటికిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను.

భూమి దేవునిదను భావము మనకును క్రొత్త కాదు. 1951లో పోచంపల్లిలో వినోబాజీ భూదానమును ఆరంభించినపుడు ఆయన నోట వినబడినదియు నదియే. అది దాత హృదయమును నమ్ముకొన్న మార్గము. బెహర్ భాగము గడువును, శాసనమును నమ్ముకొన్న మార్గము. రెండింటికిని లోపములున్నవి. దయ అలసిపోవును, శాసనమునకు ప్రొజ్బుల్ పుట్టును. 1/70 చట్టమునకును ఇట్టి ప్రొజ్బుల్లు లేకపోలేదు. బినామీ పేరు, నోటిమాట కౌలు, గిరిజన స్త్రీ పేర కొన్న భూమి, మన్యమునందు పరిచయమైన మాటలే.

కావున శాసన మొక్కటి చాలదు. దానిని నిలుపునది 'సహోదరుడు' అను మాట. సవర పిల్లవాని తండ్రి తాకట్టు పెట్టిన కొండవాలు, కంబారి యింటి చిన్న మడి, వలసపోయినవాని తాళము వేసిన గుడిసె, వీనిని చూచినపుడు మనకు ఆ మాట తోచినచో చట్టము పనిచేయును. తోచనిచో చట్టపు ప్రతి దస్త్రములలో నుండును. యూదులు ఈ భాగమును ఏటేట చదువుచున్నారు. బూర యూది రెండువేల యేండ్లు దాటినను, చదువుట మానలేదు. చేయలేకపోయిన ధర్మమును కూడ మరువకుండుటకు వారెన్నుకొన్న పద్ధతి యిది.

వైశాఖము వెంట ఏరువాక వచ్చును. అప్పుకై తలుపు తట్టువాడు అప్పటికింకను రెండవ మెట్టుననే యుండును. బరువు గాడిదమీదనే యున్నది. ఒక్కని చేయి చాలును.